లో-కార్బ్ ఆహారంలో పండ్లు, కూరగాయల స్థానం: తరచుగా అడిగే ప్రశ్నలు

చక్కెర, అన్నం, రొట్టె తగ్గించాలని నిశ్చయించుకున్న వ్యక్తి వారం తిరగకముందే పండ్లను కూడా అనుమానంగా చూడటం మొదలుపెడతాడు. కూరగాయల్లోనూ పిండిపదార్థం (కార్బోహైడ్రేట్, అంటే చక్కెర, పిండి, పీచు అన్నీ కలిపి) ఉంటుందని తెలిశాక కాలీఫ్లవర్ ముక్కలను, టమాటాలను కూడా తూచి భయపడుతూ తినేవారున్నారు. అటువంటివారు పదేపదే అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు ఇస్తున్నాను. ఈ జవాబులన్నింటి వెనుకా ఒకే అభిప్రాయం ఉంది. పిండిపదార్థాన్ని తగ్గించదలచినవారు ముందుగా చక్కెరను, పాలిష్ పట్టిన ధాన్యాన్ని, మైదాను తగ్గించాలి. కూరగాయల జోలికి, కొరికి నమిలి తినే పండ్ల జోలికి చిట్టచివర గాని పోకూడదు.

లో-కార్బ్ అంటే రోజుకు ఎన్ని గ్రాముల పిండిపదార్థం?

అందరూ ఒప్పుకున్న నిర్వచనమంటూ ఒకటి లేదు. పరిశోధనా పత్రాల్లో ఎక్కువగా కనిపించే హద్దు రోజుకు 130 గ్రాములు, అంటే 2000 కిలోకాలరీలు తినే వ్యక్తికి మొత్తం శక్తిలో సుమారు 26 శాతం. అంతకు తక్కువైతే లో-కార్బ్ అంటారు. దాన్ని ఇంకా దించి 20 నుంచి 50 గ్రాముల మధ్యకు తెస్తే, శరీరం కొవ్వును కరిగించి కీటోన్లు అనే ఇంధనాన్ని తయారుచేసుకునే స్థితికి చేరుతుంది. అది కీటోజెనిక్ ఆహారం, వాడుకలో కీటో.

ఈ రెండింటినీ ఒకే గాటన కట్టడం వల్లనే పండ్ల విషయంలో గందరగోళం పుడుతోంది. రోజుకు 120 గ్రాములు తినే వ్యక్తికి రెండు పండ్లు ఏ ఇబ్బందీ కలిగించవు. రోజుకు 20 గ్రాములకు కట్టుబడిన వ్యక్తికి ఒక్క అరటిపండే ఆ రోజు లెక్కను దాటించేస్తుంది. కాబట్టి ఎవరి సలహా విన్నా, వారు ఏ మెట్టు మీద నిలబడి మాట్లాడుతున్నారో ముందు తెలుసుకోవాలి.

నెట్ కార్బ్స్ అంటే ఏమిటి? పీచును లెక్కలోంచి తీసేయవచ్చా?

మొత్తం పిండిపదార్థంలోంచి పీచును తీసివేయగా మిగిలినదే నెట్ కార్బ్స్. పీచును మన చిన్నపేగు జీర్ణించుకోలేదు, అది రక్తంలో గ్లూకోజ్‌గా మారదు. అందువల్ల కూరగాయలు, పండ్ల విషయంలో ఈ తీసివేత సమంజసమే. ఒక జాగ్రత్త మాత్రం అవసరం. అమెరికా లేబుళ్లలో పిండిపదార్థం అంకెలో పీచు కూడా కలిసి ఉంటుంది. ఐరోపా లేబుళ్లలో పీచును ముందే మినహాయించి విడిగా చూపిస్తారు. రెండో రకం లేబుల్ చూసి మళ్లీ పీచును తీసివేస్తే లెక్క తప్పుతుంది.

ఇది ఈ మధ్య పుట్టిన పద్ధతా?

కాదు. లండన్‌లో అంత్యక్రియల ఏర్పాట్లు చూసే వృత్తిలో ఉన్న విలియం బాంటింగ్ అనే స్థూలకాయుడు, వైద్యుడు విలియం హార్వే సలహాతో రొట్టె, చక్కెర, బీరు, బంగాళదుంపలు మానుకుని బరువు తగ్గి, ఆ అనుభవాన్ని 1863లో చిన్న కరపత్రంగా అచ్చు వేయించాడు. అది ఎంతగా పాకిందంటే, స్వీడిష్ భాషలో బరువు తగ్గడానికి పథ్యం చేయడాన్ని ఇప్పటికీ ఆయన పేరు మీదుగానే ‘బాంటా’ అంటారు. తరువాత 1921లో అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యుడు రసెల్ వైల్డర్ మూర్ఛవ్యాధి చికిత్స కోసం కీటోజెనిక్ ఆహారాన్ని ప్రతిపాదించారు; మందులకు లొంగని మూర్ఛ ఉన్న పిల్లలకు వైద్యుల పర్యవేక్షణలో దాన్ని నేటికీ వాడుతున్నారు. సామాన్య జనంలోకి ఇది పెద్ద ఎత్తున వెళ్లింది మాత్రం 1972లో రాబర్ట్ అట్కిన్స్ పుస్తకం వచ్చిన తరువాతే.

చాలామంది గమనించని సంగతి ఒకటుంది. బాంటింగ్ భోజనంలో బంగాళదుంప తప్ప మిగతా కూరగాయలన్నీ ఉండేవి, సాయంత్రం కొంత పండు కూడా ఉండేది. ఈ పద్ధతికి ఆద్యుడని చెప్పుకునే వ్యక్తే పండ్లు, కూరగాయలు వదులుకోలేదు.

మొదటి వారంలోనే రెండు కిలోలు తగ్గాను. అదంతా కొవ్వేనా?

అందులో ఎక్కువ భాగం నీరే. పెద్దవారి కాలేయంలోను కండరాల్లోను కలిపి సుమారు 400 నుంచి 500 గ్రాముల గ్లైకోజెన్ (శరీరం గ్లూకోజ్‌ను దాచుకునే రూపం) నిల్వ ఉంటుంది. ఒక్కొక్క గ్రాము తనతోపాటు సుమారు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. పిండిపదార్థం తగ్గగానే శరీరం ఈ నిల్వను వాడుకుంటుంది, దానితో ఉన్న నీరూ బయటకు పోతుంది. ఇన్సులిన్ తగ్గడం వల్ల మూత్రపిండాలు సోడియాన్ని కూడా ఎక్కువగా విసర్జిస్తాయి. తొలి రోజుల్లో వచ్చే తలనొప్పికి, నీరసానికి, లేచి నిలబడితే తల తిరగడానికి చాలావరకు ఈ నీటి, ఉప్పు నష్టమే కారణం. ఆ తరువాతి వారాల్లో తగ్గుదల నెమ్మదిస్తే నిరుత్సాహపడనక్కరలేదు. అసలు కొవ్వు కరిగేది అప్పుడే.

బరువు తగ్గడానికి ఇది మిగతా పద్ధతులన్నిటికన్నా మెరుగైనదా?

మొదటి ఆరు నెలల్లో కాస్త మెరుగ్గా కనిపిస్తుంది, ఏడాది గడిచేసరికి ఆ తేడా చాలావరకు చెరిగిపోతుంది. 2018లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 609 మందిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు కొవ్వు తగ్గించిన ఆహారాన్ని, మరో జట్టుకు పిండిపదార్థం తగ్గించిన ఆహారాన్ని ఏడాదిపాటు సూచించారు. మొదటి జట్టు సగటున 5.3 కిలోలు, రెండోది 6 కిలోలు తగ్గాయి. గణాంకాల దృష్టిలో ఆ రెండింటికీ తేడా లేనట్టే లెక్క. ఇజ్రాయెల్‌లో 322 మందితో రెండేళ్లు సాగి 2008లో వెలువడిన అధ్యయనంలో మాత్రం లో-కార్బ్ జట్టు 4.7 కిలోలు, మధ్యధరా ఆహారం (కూరగాయలు, ఆలివ్ నూనె, చేపలు ఎక్కువగా ఉండేది) తిన్న జట్టు 4.4 కిలోలు, కొవ్వు తగ్గించిన జట్టు 2.9 కిలోలు తగ్గాయి.

స్టాన్‌ఫర్డ్ అధ్యయనంలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచినది ఆ అంకెలు కావు. రెండు జట్లకూ పరిశోధకులు ఒకే పునాది వేశారు: కూరగాయలు ఎక్కువగా తినండి, చక్కెర, పాలిష్ పట్టిన ధాన్యం వీలైనంత తగ్గించండి, సాధ్యమైనంతవరకు ఇంట్లో వండుకోండి అని. కాలరీలు లెక్కపెట్టమని ఎవరికీ చెప్పలేదు. అయినా రెండు జట్లూ తగ్గాయంటే, ఫలితంలో ఆ ఉమ్మడి పునాది పాత్ర చిన్నది కాదని నా అభిప్రాయం.

పండ్లలో చక్కెర ఉంటుంది కదా. లో-కార్బ్ పాటించేవారు వాటిని మానేయాలా?

అన్నిటికన్నా ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే కనుక కొంచెం విస్తారంగా చెప్పాలి.

పండ్లలో గ్లూకోజ్, ఫ్రక్టోజ్, సుక్రోజ్ ఉన్న మాట నిజం. రసాయనికంగా చూస్తే పండులోని సుక్రోజ్‌కూ చక్కెర డబ్బాలోని సుక్రోజ్‌కూ తేడా లేదు. తేడా అది ఎంత మోతాదులో, ఏ రూపంలో, ఎంత వేగంగా పేగులోకి చేరుతుందన్న దానిలో ఉంది. పండులో చక్కెర కణాల గోడల మధ్య, నీటితోను పీచుతోను కలిసి ఉంటుంది. దాన్ని నమలాలి, నమలడానికి సమయం పడుతుంది, కడుపులో చోటు ఆక్రమిస్తుంది, ఆకలి తీరిన భావన కలుగుతుంది. మధ్యస్థమైన ఆపిల్‌లో సుమారు 25 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది, అందులో నాలుగు గ్రాములకు పైగా పీచే. 330 మిల్లీలీటర్ల కోలా డబ్బాలో సుమారు 35 గ్రాముల చక్కెర ఉంటుంది, పీచు అసలే ఉండదు. ఆపిల్‌ను రెండు నిమిషాల్లో తినడం కష్టం. కోలాను అరనిమిషంలో తాగేయవచ్చు.

ఈ తేడాను 1977లో బ్రిటన్ పరిశోధకులు చక్కగా కొలిచి చూపించారు. పదిమందికి సమాన పిండిపదార్థం ఉండేలా ఆపిల్ ముక్కలను ఒకసారి, ఆపిల్ గుజ్జును ఒకసారి, ఆపిల్ రసాన్ని ఒకసారి ఇచ్చారు. రసాన్ని ముక్కలకన్నా పదకొండు రెట్లు వేగంగా తాగగలిగారు. రసం తాగినప్పుడు ఇన్సులిన్ ఎక్కువగా పెరిగింది, తరువాత రక్తంలో గ్లూకోజ్ బాగా కిందికి జారింది, కడుపు నిండిన భావన తక్కువగా ఉంది. పండు ఒక్కటే, మారింది దాని రూపమే.

ఎక్కువకాలం జనాన్ని గమనించిన అధ్యయనాలూ ఇదే వైపు చూపుతున్నాయి. అమెరికాలో 1,87,382 మంది ఆరోగ్య రంగ ఉద్యోగుల వివరాలను విశ్లేషించి 2013లో ప్రచురించిన పత్రం ప్రకారం, బ్లూబెర్రీలు, ద్రాక్ష, ఆపిల్ వంటి పండ్లను నేరుగా ఎక్కువగా తిన్నవారిలో టైప్-2 మధుమేహం తక్కువగాను, పండ్లరసం ఎక్కువగా తాగినవారిలో ఎక్కువగాను కనిపించింది. ఇది గమనించి చూసిన అధ్యయనమే తప్ప ప్రయోగం కాదు. పండ్లు తినేవారు ఇతర విషయాల్లోనూ జాగ్రత్తగా ఉండి ఉండవచ్చు. అయినా పండ్లు మధుమేహాన్ని తెస్తాయన్న భయానికి మాత్రం ఇందులో ఆధారం దొరకదు.

కాబట్టి రోజుకు 50 గ్రాములకు పైగా పిండిపదార్థం తినేవారు పండ్లను మానవలసిన అవసరం లేదు, మోతాదు చూసుకుంటే చాలు. అంతకన్నా కిందికి దిగినవారు బెర్రీల వంటివాటిని ఎంచుకుని కొద్దిగా తినవచ్చు.

గ్లైసీమిక్ ఇండెక్స్ చూసి పండ్లను ఎంచుకోవచ్చా?

అదొక్కటే చూస్తే పొరబడతారు. టొరంటో విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ జెంకిన్స్ బృందం 1981లో ప్రతిపాదించిన ఈ సూచిక, 50 గ్రాముల పిండిపదార్థం అందేంత మోతాదులో ఒక ఆహారాన్ని తింటే రక్తంలో గ్లూకోజ్ ఎంత పెరుగుతుందో చెబుతుంది. పుచ్చకాయకు ఈ అంకె ఎక్కువ. అయితే 100 గ్రాముల పుచ్చకాయలో పిండిపదార్థం ఎనిమిది గ్రాములకు మించదు; 50 గ్రాములు అందాలంటే ఆరున్నర వందల గ్రాములకు పైగా తినాలి. మామూలుగా తినే రెండు మూడు ముక్కలతో పడే భారం తక్కువే. అందుకే సూచికతోపాటు తినే మోతాదునూ లెక్కలోకి తీసుకునే గ్లైసీమిక్ లోడ్ అనే కొలతను తరువాత తెచ్చారు.

ఏ పండులో పిండిపదార్థం ఎంత?

100 గ్రాముల పండుకు చెప్పుకుంటే స్ట్రాబెర్రీలోను పుచ్చకాయలోను సుమారు 8 గ్రాములు, బొప్పాయిలో 11, నారింజలో 12, ఆపిల్‌లోను జామలోను 14, మామిడిలో 15, ద్రాక్షలో 18, అరటిలో 23 గ్రాములు ఉంటుంది. ఈ అంకెలు పీచును కలుపుకుని చెప్పినవి కాబట్టి, జామకు కొంత మినహాయింపు ఇవ్వాలి: దానిలో 5 గ్రాములకు పైగా పీచే. పైగా 100 గ్రాముల జామలో 200 మిల్లీగ్రాములకు మించి విటమిన్-సి ఉంటుంది. నారింజలో ఉండేది దానిలో నాలుగో వంతు. రాస్ప్‌బెర్రీలో 12 గ్రాముల పిండిపదార్థం ఉన్నా సగానికి పైగా పీచే. అవకాడోలోనైతే ఎనిమిదిన్నర గ్రాముల్లో దాదాపు ఏడు గ్రాములు పీచు, అందుకే కీటో పాటించేవారికి అది అంత ఇష్టమైన పండయింది.

పండ్లరసం, స్మూతీ, ఎండు పండ్ల సంగతి?

రసాన్ని పండుగా లెక్కించవద్దు. చక్కెర కలపకపోయినా సరే, పండ్లరసంలో ఉన్న చక్కెరను ప్రపంచ ఆరోగ్య సంస్థ విడి చక్కెరల (మనం విడిగా కలుపుకునే చక్కెర వంటివాటి) జాబితాలోనే చేర్చింది. ఆ చక్కెరలు మొత్తం శక్తిలో 10 శాతానికి మించకూడదని, 5 శాతం లోపు ఉంటే ఇంకా మేలని ఆ సంస్థ సూచన. స్మూతీలో పీచు ఉంటుంది కాబట్టి రసం కన్నా కొంత నయమే కాని, నాలుగు పండ్లను ఒకే గ్లాసులో తాగేసే వీలు కల్పించడమే దానితో చిక్కు. ఎండు ద్రాక్షలో, ఖర్జూరంలో 100 గ్రాములకు 75 గ్రాములకు పైగా పిండిపదార్థం ఉంటుంది. లో-కార్బ్ పాటించేవారు వీటిని ఒకటి రెండుకు పరిమితం చేయాలి.

కూరగాయల్లో వేటిని ధైర్యంగా తినవచ్చు, వేటికి లెక్క చూసుకోవాలి?

నేల పైన పెరిగేవి తినవచ్చు, నేల కింద పెరిగేవి తగ్గించాలి అని ఒక మొరటు సూత్రం ప్రచారంలో ఉంది. చాలావరకు పనికొస్తుంది గాని పూర్తిగా నిజం కాదు. పాలకూర, దోసకాయ, టమాటా, క్యాబేజీ, కాలీఫ్లవర్, వంకాయ వంటివాటిలో 100 గ్రాములకు మూడున్నర నుంచి ఆరు గ్రాముల పిండిపదార్థమే ఉంటుంది. బ్రోకలీ, బెండకాయలో ఆరు నుంచి ఎనిమిది. నేల కింద పెరిగే ముల్లంగిలో మూడున్నర గ్రాములకు మించదు. నేల పైన కాసే పచ్చి బఠాణీలోనేమో 14 గ్రాములు, తీపి మొక్కజొన్నలో 19 గ్రాముల దాకా ఉంటుంది. క్యారట్, బీట్‌రూట్‌లలో ఉండేది పది గ్రాముల లోపే. వీటిని దుంపలన్న పేరుతో బంగాళదుంప పక్కన నిలబెట్టి నిషేధించడం అన్యాయం. బంగాళదుంపలో 17, చిలగడదుంపలో 20 గ్రాముల వరకు ఉంటుంది కాబట్టి అవి కూరగాయల కోవలోకి కాక, అన్నం, రొట్టెల కోవలోకి వస్తాయనుకుని లెక్క వేసుకోవాలి.

రోజుకు 50 గ్రాముల హద్దులో చాలినన్ని కూరగాయలు, పండ్లు తినడం సాధ్యమా?

తప్పక సాధ్యం. రోజుకు కనీసం 400 గ్రాముల పండ్లు, కూరగాయలు తినాలని, అందులో బంగాళదుంప వంటి పిండి దుంపలను కలపకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. లెక్క వేసి చూద్దాం. పాలకూర, కాలీఫ్లవర్, దోసకాయ, టమాటా ఒక్కొక్కటి 100 గ్రాముల చొప్పున, వాటితోపాటు 100 గ్రాముల స్ట్రాబెర్రీలు తింటే అరకిలో అవుతుంది. పీచుతో సహా మొత్తం పిండిపదార్థం 24 గ్రాములు. 50 గ్రాముల హద్దులో సగం కూడా నిండలేదు. పీచును తీసివేస్తే ఇంకో ఏడెనిమిది గ్రాములు తగ్గుతుంది. కీటో పాటిస్తున్నాను కాబట్టి కూరగాయలు తినలేకపోతున్నాను అనేవారు ఒకసారి ఇలా కాగితం మీద రాసి చూసుకోవాలని నా విన్నపం.

400 గ్రాముల దగ్గరే మేలు ఆగిపోతుందా అన్నది వేరే ప్రశ్న. లండన్ ఇంపీరియల్ కాలేజీ పరిశోధకులు 2017లో 95 అధ్యయనాలను కలిపి విశ్లేషించినప్పుడు, గుండెజబ్బులు, పక్షవాతం, అకాల మరణాల ముప్పు రోజుకు 800 గ్రాముల దాకా తగ్గుతూనే పోయింది. అదే ఏడాది 18 దేశాల్లో 1,35,335 మంది మీద వెలువడిన ప్యూర్ అధ్యయనంలో మేలు 375 నుంచి 500 గ్రాముల దగ్గరే స్థిరపడింది. పిండిపదార్థం మరీ ఎక్కువగా తినేవారిలో మరణాలు ఎక్కువని చెప్పి లో-కార్బ్ సమర్థకుల మన్ననలు పొందిన అధ్యయనం కూడా ఈ ప్యూరే. వారు దానిలో పండ్లు, కూరగాయలు, పప్పుధాన్యాలకు సంబంధించిన సగాన్ని కూడా చదవాలి.

విటమిన్ మాత్ర వేసుకుంటే సరిపోదా?

సరిపోదు. 1747లో బ్రిటిష్ నౌకాదళ వైద్యుడు జేమ్స్ లిండ్, స్కర్వీ వ్యాధితో చిగుళ్లు కుళ్లి నీరసించిన పన్నెండు మంది నావికులను ఇద్దరేసి చొప్పున ఆరు జతలుగా విడదీసి, ఒక్కో జతకు ఒక్కో చికిత్స ఇచ్చాడు. నారింజ, నిమ్మపండ్లు తిన్న జత వారం తిరగకుండానే కోలుకుంది. ఆ పండ్లలో పనిచేసిన పదార్థం విటమిన్-సి అని తేలడానికి ఇంకో 180 ఏళ్లకు పైగా పట్టింది. ఆ కృషికి గాను ఆల్బర్ట్ సెంట్-జార్జికి 1937లో నోబెల్ బహుమతి లభించింది. అంటే పేరు తెలియకముందే పండు పని చేసింది. పండ్లలో, కూరగాయల్లో ఉన్నవాటిని మనం ఇప్పటికైనా అన్నీ గుర్తించి మాత్రలో పెట్టామని అనుకోవడం తొందరపాటు.

ఆ తొందరపాటు ఎంత ఖరీదైనదో ఫిన్లాండ్ అనుభవం చెబుతుంది. కెరోటిన్ (క్యారట్ వంటివాటికి రంగునిచ్చే పదార్థం) ఉన్న కూరగాయలు తినేవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తక్కువని గమనించి, 29,133 మంది పొగతాగే పురుషుల మీద బీటా-కెరోటిన్ మాత్రలను, విటమిన్-ఇ మాత్రలను పరీక్షించారు. 1994లో ఫలితాలు వచ్చినప్పుడు, బీటా-కెరోటిన్ తీసుకున్నవారిలో ఆ క్యాన్సర్ తగ్గకపోగా 18 శాతం ఎక్కువగా కనిపించింది. అమెరికాలో అటువంటి మరో ప్రయోగాన్ని అదే కారణంగా 1996లో గడువుకు ముందే ఆపేశారు. కూరగాయలోంచి ఒక్క పదార్థాన్ని తీసి పెద్ద మోతాదులో ఇవ్వడమూ, కూరగాయను తినడమూ ఒకటి కావు.

దీనికి మినహాయింపులు లేకపోలేదు. గర్భం దాల్చాలనుకునే స్త్రీలు రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం తీసుకోవాలి. ఆకుకూరలు తింటున్నామని దాన్ని మానకూడదు. లోపం ఉందని పరీక్షలో తేలి వైద్యుడు ఇచ్చిన మాత్రలకూ ఈ మాట వర్తించదు.

అన్నం, రొట్టె, పప్పులు తగ్గిస్తే పీచు ఎక్కడినుంచి వస్తుంది?

లో-కార్బ్ పాటించేవారు అన్నిటికన్నా ఎక్కువగా పట్టించుకోవలసిన లోటు ఇదే. పెద్దవారికి రోజుకు కనీసం 25 గ్రాముల పీచు కావాలి. 2019లో వెలువడిన ఒక విస్తృత విశ్లేషణలో, పీచు బాగా తినేవారిలో తక్కువ తినేవారికన్నా మరణాలు, గుండెజబ్బులు, టైప్-2 మధుమేహం, పెద్దపేగు క్యాన్సర్ వంటివి 15 నుంచి 30 శాతం తక్కువగా కనిపించాయి. మనకు జీర్ణం కాని పీచును పెద్దపేగులోని సూక్ష్మజీవులు పులియబెట్టి బ్యూటిరేట్ వంటి కొవ్వు ఆమ్లాలను తయారుచేస్తాయి; పెద్దపేగు లోపలి పొర కణాలకు అదే ముఖ్యమైన ఆహారం. పీచు తగ్గితే మొదట కనిపించేది మలబద్ధకం, కాని నష్టం అంతటితో ఆగదు.

పైన చెప్పిన అరకిలో లెక్కలో పీచు ఏడెనిమిది గ్రాములే వచ్చింది. మిగతాది రావాలంటే బ్రోకలీ, బెండకాయ, వంకాయ, క్యాబేజీ వంటివి ఎక్కువగా తినాలి. బాదం, అవిసె గింజలు, చియా గింజలు, జామ, అవకాడో కలుపుకోవాలి. రోజుకు 100 గ్రాముల దాకా పిండిపదార్థం తినేవారు పప్పుధాన్యాలను అసలు వదులుకోనక్కరలేదు. ఒక్కసారిగా పెంచితే కడుపు ఉబ్బరిస్తుంది కనుక రెండు మూడు వారాల్లో క్రమంగా పెంచుతూ, నీరు బాగా తాగాలి.

రక్తపోటుకూ కూరగాయలకూ సంబంధం ఏమిటి?

పండ్లు, కూరగాయలు పొటాషియానికి ముఖ్యమైన ఆధారం. 459 మందితో జరిపి 1997లో ప్రచురించిన డాష్ (ఆహారంతో రక్తపోటును తగ్గించే పద్ధతి) ప్రయోగంలో ఉప్పు, బరువు మార్చకుండా, పండ్లు, కూరగాయలు మాత్రమే పెంచినా పై రక్తపోటు సగటున 2.8 పాయింట్లు తగ్గింది. వాటికి తక్కువ కొవ్వున్న పాల పదార్థాలను జోడించి మొత్తం కొవ్వును తగ్గించినప్పుడు తగ్గుదల 5.5కు చేరింది. రక్తపోటు ముందే ఎక్కువగా ఉన్నవారిలో అది 11 పాయింట్లు దాటింది.

పిండిపదార్థం బదులు మాంసం, వెన్న ఎంతైనా తినవచ్చా?

తగ్గించినదాని స్థానంలో ఏం పెడుతున్నామన్నది చాలా ముఖ్యం. అమెరికాలో 15,428 మందిని సుమారు పాతికేళ్లు గమనించి 2018లో ప్రచురించిన అధ్యయనంలో, శక్తిలో 50 నుంచి 55 శాతం పిండిపదార్థాల నుంచి పొందినవారిలో మరణాల ముప్పు అత్యల్పంగా ఉంది. మరీ తక్కువగా తిన్నవారిలోను, మరీ ఎక్కువగా తిన్నవారిలోను పెరిగింది. తక్కువ తిన్నవారిలో కూడా అందరి పరిస్థితీ ఒకటి కాదు. ఆ ఖాళీని మాంసంతో నింపుకున్నవారిలో ముప్పు పెరిగింది, గింజలు, కూరగాయలు వంటి మొక్కల ఆహారంతో నింపుకున్నవారిలో తగ్గింది. కీటో మొదలుపెట్టిన కొందరిలో ఎల్‌డీఎల్ (చెడు) కొలెస్ట్రాల్ బాగా పెరుగుతుంది కాబట్టి, మొదలుపెట్టే ముందు ఒకసారి, మూడు నెలలకు ఒకసారి రక్తపరీక్ష చేయించుకోవడం మంచిది.

మధుమేహం ఉన్నవారు లో-కార్బ్ పాటించవచ్చా?

పాటించవచ్చు, కాని మందుల సంగతి వైద్యునితో మాట్లాడకుండా మొదలుపెట్టకూడదు. పిండిపదార్థం తగ్గిస్తే రక్తంలో గ్లూకోజ్ తగ్గుతుందనడానికి మంచి ఆధారాలున్నాయని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ 2019లో తన నివేదికలో అంగీకరించింది. 23 ప్రయోగాలను కలిపి చూసిన 2021 నాటి విశ్లేషణలో, ఆరు నెలల దగ్గర లో-కార్బ్ జట్లలో మధుమేహం అదుపులోకి వచ్చినవారు ఎక్కువగా ఉన్నారు. ఏడాదికి ఆ ఆధిక్యం తగ్గింది.

ఇన్సులిన్ గాని, గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ వంటి మాత్రలు గాని వాడేవారు పాత మోతాదులోనే మందు వేసుకుంటూ పిండిపదార్థం ఒక్కసారిగా తగ్గిస్తే, గ్లూకోజ్ ప్రమాదకరంగా పడిపోవచ్చు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి మందులు వాడేవారికి ముప్పు వేరు: గ్లూకోజ్ అంకె మామూలుగానే కనిపిస్తూ రక్తంలో ఆమ్లత పెరిగిపోయే కీటోయాసిడోసిస్ రావచ్చు. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం కనిపిస్తే గ్లూకోమీటర్ అంకె చూసి ఊరుకోకుండా ఆసుపత్రికి వెళ్లాలి. ఇది ప్రాణాల మీదికి తెచ్చే విషయం కనుక ఇంత గట్టిగా చెబుతున్నాను.

పండు తినాలనుకునే మధుమేహులు దాన్ని ఒక్కటే కాక, మాంసకృత్తులు, గింజలు ఉన్న భోజనంతో కలిపి తిని, రెండు గంటల తరువాత గ్లూకోజ్ చూసుకుంటే తమ శరీరానికి ఏది సరిపడుతుందో పక్షం రోజుల్లో తెలిసిపోతుంది.

ఎవరు దీనికి దూరంగా ఉండాలి?

గర్భిణులు, పాలిచ్చే తల్లులు, ఎదిగే పిల్లలు, తిండికి సంబంధించిన మానసిక రుగ్మతలు ఉన్నవారు, టైప్-1 మధుమేహం ఉన్నవారు సొంతంగా కీటో మొదలుపెట్టకూడదు. మూత్రపిండాల వ్యాధి ముదిరినవారు కూరగాయలు, పండ్లు పెంచుకునే ముందు కూడా అడగాలి, ఎందుకంటే రక్తంలో పొటాషియం పెరిగి గుండె లయ తప్పవచ్చు. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ మందు వాడేవారు ఆకుకూరలు మానవలసిన పని లేదు. వాటిలోని విటమిన్-కె మందు పనిని తగ్గిస్తుంది కాబట్టి, రోజూ ఇంచుమించు ఒకే మోతాదులో తినాలి.

వండితే పోషకాలు పోతాయా? ఫ్రీజ్ చేసినవి పనికొస్తాయా?

విటమిన్-సి, ఫోలేట్ నీటిలో కరుగుతాయి. ఎక్కువ నీటిలో ఉడికించి ఆ నీరు పారబోస్తే అవీ పోతాయి. ఆవిరి మీద గాని, కొద్ది నీటితో మూతపెట్టి గాని వండుకోవాలి. టమాటాకు ఎరుపు రంగునిచ్చే లైకోపీన్ మాత్రం వండాకే శరీరానికి బాగా అందుతుంది. కెరోటిన్‌కు కొవ్వు తోడు కావాలి. నూనె చుక్క లేని సలాడ్ నుంచి అది శరీరంలోకి చేరేది చాలా తక్కువ. కొవ్వుకు చోటిచ్చే లో-కార్బ్ పద్ధతికి కూరగాయలు ఇంత చక్కగా నప్పడానికి ఇదొక కారణం. కోసిన కొద్ది గంటల్లో ఫ్రీజ్ చేసిన కూరగాయలు, రోజుల తరబడి నిల్వ ఉన్న తాజా కూరగాయలకు పోషకాల్లో తీసిపోవు.

బరువు తగ్గాక పిండిపదార్థాన్ని మళ్లీ పెంచాలంటే దేనితో మొదలుపెట్టాలి?

ముందు బెర్రీలు, జామ, ఆపిల్ వంటి పండ్లతో, తరువాత పప్పుధాన్యాలతో, ఆ తరువాత క్యారట్, బఠాణీ వంటి కూరగాయలతో, చివరగా పొట్టు తీయని ధాన్యంతో. ఒక్కో మార్పు తరువాత రెండు వారాలు ఆగి బరువు, నడుము కొలత చూసుకోవాలి. గ్లైకోజెన్ నిల్వలు తిరిగి నిండుతాయి కాబట్టి మొదట్లో ఒకటి రెండు కిలోలు పెరిగినట్టు కనిపించవచ్చు. అది నీటి బరువే, దాన్ని చూసి పండును మళ్లీ మానేయవద్దు.